తల్లిపొడి

పందిపిల్లల్ని తల్లి దగ్గర్నుంచి విడదీసే రోజంటే ఆ పరిశోధన కేంద్రంలో ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. పిల్లల్ని పట్టి బుట్టల్లో వేసి అవతలి షెడ్డుకి చేర్చేదాకా అవి పెట్టే కేకలు మిరప చేలు దాటి రోడ్డు మీద పోయేవాళ్లకి వినపడేవి. గోల ఒక్కటే అయితే ఎలాగో భరించేవాళ్లు. ఆ తర్వాత వారం పాటు అవి తొట్టి ముఖం చూసేవి కావు. ఒకదాని మీద ఒకటి పడి మూలకి నక్కేవి. పాలకి అలవాటుపడ్డ పేగు గట్టి దాణాని ఒప్పుకునేది కాదు. పారుడు పట్టుకుని నీళ్ల విరేచనాలు అయ్యేవి. వచ్చిన బరువు పోయేది, ఒక్కోసారి పిల్లే పోయేది.

డాక్టర్ తలారి ప్రభుదాస్ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ ఒక్క వారం మీదే పనిచేశాడు. దాణాలో జింకు కలిపి చూశాడు. పులిసిన మజ్జిగ కలిపి చూశాడు. వెల్లుల్లి, వాము, సొంఠి, అన్నీ అయ్యాయి. కొంచెం లాభం, కొంచెం నష్టం. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అనిపించి విసుగెత్తిపోయిన దశలో, పాలు తాగే పిల్ల పేగులో తప్ప మరెక్కడా బతకని ఒక సూక్ష్మజీవి అతని కంటబడింది. తల్లిపాలు ఆగిన రెండు మూడు రోజులకే అది చచ్చిపోయేది. సరిగ్గా అప్పుడే పిల్ల దిగులుపడి, దాణా మానేసి, పారుడు తెచ్చుకునేది. అది బతికి ఉన్నంతకాలం పేగు నుంచి మెదడుకి పోయే నరం వెంట ఒక కబురు ఆగకుండా వెళ్తూ ఉండేది. తల్లి ఇక్కడే ఉంది, భయం లేదు, తిను, పెరుగు అని.

ఆ సూక్ష్మజీవిని బెల్లం నీళ్లలో, తవుడులో పెంచడం నేర్చుకోవడానికి అతనికి చాలా కాలం పట్టింది. ఎండబెట్టి పొడి చేసి, మొదటిసారి పిల్లల దాణాలో కలిపిన రోజున కేంద్రం అధిపతి డాక్టర్ సత్యవాణి షెడ్డు గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది.

"ఏంటి ప్రభుదాస్, ఇంకా విడదీయలేదా?"

"విడదీసి చాలాసేపయింది మేడమ్."

పిల్లలన్నీ తొట్టి చుట్టూ చేరి చప్పరిస్తూ తింటున్నాయి. ఒక్కటీ కేక పెట్టలేదు. అవతలి పాకలో తల్లిపంది ఒక్కటే పొదుగు బరువెక్కి అటూ ఇటూ తిరుగుతూ పిలుస్తోంది. దాని సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ రోజు మానుపాటి అంకమ్మ కూడా అక్కడే ఉంది. ఊరి చివర ఎరుకల కాలనీలో ఆమెకి పందుల పాక ఉంది. తాతల నాటి నల్లపందులు వదిలేసి కేంద్రం ఇచ్చిన తెల్ల సీమపందుల్ని పెంచుతోంది. రైతుల దగ్గర పొడి ఎలా పనిచేస్తుందో చూడటానికి ఎంచుకున్నవాళ్లలో ఆమె మొదటిది.

"ఏంది సారూ, తల్లిని మర్చిపోయినయ్యా?" అంది వింతగా చూస్తూ.

"మర్చిపోలేదమ్మా. తల్లి పక్కనే ఉందనుకుంటున్నాయి."

"అట్టయితే ఇది తల్లిపొడే!" అని నవ్వింది. కాగితాల మీద దానికి అంకెలతో, అక్షరాలతో ఏదో పేరుంది గానీ, ఆ రోజు నుంచి అందరి నోటా అది తల్లిపొడే అయింది.

పిల్లలు ఎదిగాయి. పారుడు లేదు, చావులు లేవు. తూకం వేసిన ప్రతిసారీ సత్యవాణి ముఖం వెలిగేది. పైనుంచి పెద్దవాళ్లు వచ్చి చూసి, ఫోటోలు దిగి వెళ్లారు. మరుసటి ఏడు రాష్ట్రమంతా రైతులకి పంచాలనే మాట ఖాయమైంది. ఆ మొదటి పిల్లల్లో ఆడవాటిని ఈతకి ఉంచారు. అవి చూలు కట్టాయి.

అంతలో వానాకాలం వచ్చింది. ప్రభుదాసు భార్య సలోమికి డెంగీ వచ్చింది.

సలోమి ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఊళ్లో ఇంటింటికీ తిరిగి దోమల గురించి చెప్పిన మనిషి. జ్వరం తగ్గిందనుకున్న పూటే ప్లేట్‌లెట్లు పడిపోయి, గుంటూరు ఆసుపత్రికి చేర్చేలోగా మాట పడిపోయింది. సమాధుల తోటలో వాన వెలిసేదాకా ఆగి పూడ్చిపెట్టారు.

వాళ్ల పాప కెజియాకి అప్పటికి రెండేళ్లు దాటాయి. అన్నం తింటుంది, మాటలు వచ్చాయి, అయినా నిద్రపోయే ముందు తల్లి రొమ్ము ఉండాల్సిందే. "ఇంకెంత కాలమే, పాలు మాన్పించు" అని సలోమి తల్లి మార్తమ్మ గొడవపెట్టినప్పుడల్లా ఆమె "క్రిస్మస్ వెళ్లనీయమ్మా, వేపాకు నూరి రాస్తాలే" అనేది. ఆ వేపాకు అవసరం రాలేదు.

తల్లిని పూడ్చిన సాయంత్రం నుంచే పిల్ల నోరు కట్టేసుకుంది. మొదట ఏడ్చింది. గొంతు పోయేదాకా ఏడ్చి, తర్వాత ఏడుపు కూడా మానేసింది. గోడ వైపు తిరిగి పడుకునేది. పాలు పడితే కక్కేది. మార్తమ్మ వెన్న కలిపిన అన్నం, గుడ్డు, అరటిపండు, తేనె, చేతిలో ఏది పట్టుకుని వెంటబడినా పిల్ల పెదవులు విడివడలేదు. పారుడు పట్టుకుంది. పక్కటెముకలు బయటపడ్డాయి.

పిల్లల డాక్టరు పరీక్షలన్నీ చేయించి "రోగమేమీ లేదండీ, బెంగ పెట్టుకుంది" అన్నాడు. ముక్కులోంచి గొట్టం వేశారు. అది పీకేసుకుంది. మళ్లీ వేశారు. చేతులు కట్టేశారు. మంచం పక్కన మార్తమ్మ మోకాళ్ల మీద ఉండి ప్రార్థన చేస్తూనే ఉంది. ఆవిడా ఏమీ తినడం లేదు.

ప్రభుదాసు ఆ గదిలో నిలబడి, తన షెడ్డులో కొన్ని వందల సార్లు చూసిన వీపునే చూశాడు. మూలకి నక్కి, తొట్టికి వెన్ను చూపించి, మెల్లగా కరిగిపోయే వీపు.

పొడి మనిషికి హాని చేయదని అతనికి తెలుసు. మొదట్లో సహోద్యోగుల ముందు ఒక చెంచాడు నోట్లో వేసుకుని చూపించాడు కూడా. పెద్దవాళ్ల పేగులో అది నిలవదు. అతనికేమీ కాలేదు. ఇప్పుడిప్పుడే పాలు ఆగిన పిల్ల పేగులో మాత్రం నిలుస్తుంది. అదీ తెలుసు. తెలిసే మర్నాడు ఉదయం ప్రయోగశాలకి వెళ్లి ఒక చిన్న సీసా జేబులో వేసుకొచ్చాడు. రాగిజావలో చిటికెడు కలిపి గొట్టంలోంచి పంపాడు. తప్పో ఒప్పో ఆలోచించలేదు. అంతగా అలసిపోయి ఉన్నాడు.

కొద్ది రోజులకే కెజియా తల తిప్పి చూసింది. ఆ తర్వాత మార్తమ్మ చేతిలోని ఇడ్లీ ముక్క వంక చూసి నోరు తెరిచింది.

"ప్రభువు విన్నాడయ్యా!" అని మార్తమ్మ అల్లుడి చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. "నా మొర ఆలకించాడు!"

ప్రభుదాసు తలూపాడు. చెప్పాల్సిన మాట చెప్పడానికి అది సమయం కాదనుకున్నాడు. తర్వాత కూడా ఏ సమయమూ దానికి కుదరలేదు.

ఎవరికీ చెప్పకుండా ప్రభుదాసు రోజూ జావలో చిటికెడు పొడి కలుపుతూనే ఉన్నాడు. పిల్ల కోలుకుంది. బుగ్గలు నిండాయి. పేచీ లేదు. నిద్రకి జోల అక్కర్లేదు. పడుకోబెడితే పడుకుంటుంది, లేపితే లేస్తుంది. చుట్టుపక్కల ఆడవాళ్లు చూసి "ఎంత బుద్ధిమంతురాలో, తల్లి లేని లోటే తెలియనివ్వట్లేదు" అనేవాళ్లు. మార్తమ్మ మొదట్లో ఆ మాటకి మురిసిపోయేది. పోనుపోను ఆ మాట వినపడితే లేచి లోపలికి వెళ్లిపోయేది.

ఒకరోజు ఆవిడ గోడ మీది సలోమి ఫోటో తీసి పిల్ల ముందు పెట్టింది.

"ఇదెవరే?"

"అమ్మ" అంది కెజియా, కాకిని చూపించి కాకి అన్నట్టే. అని, చేతిలోని ప్లాస్టిక్ బస్సుని ఫోటో మీదుగా నడిపించుకుంటూ అవతలికి వెళ్లిపోయింది.

"దీనికేమైనా అయిందంటావా బాబూ?" అని మార్తమ్మ అడిగింది. "ఒక్కసారైనా అడగదేందయ్యా, అమ్మేది అని?"

"చిన్నపిల్ల అత్తయ్యా. మర్చిపోయింది."

"మర్చిపోతే అమ్మ అని ఎట్టా అన్నది?"

ప్రభుదాసుకీ ఒకటి గుర్తొస్తోంది. అంతకు ముందు ఆదివారం పక్కింటి పిల్లాడు మెట్ల మీంచి పడి, పెదవి చిట్లి, నెత్తురు కారుతూ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. కెజియా బంతి వాడి అవతల పడి ఉంది. పిల్ల వాడి మీదుగా దాటి వెళ్లి బంతి తెచ్చుకుంది. వాడి వంక చూడనైనా చూడలేదు. పసివాళ్లు అంతేలే అనుకున్నాడప్పుడు.

చలికాలం మొదలయ్యేసరికి పొడి తిని పెరిగిన పందుల్లో మొదటిది ఈనింది.

ప్రభుదాసు పొద్దున్నుంచి పాకలోనే కూర్చున్నాడు. ఈత తేలిగ్గానే అయింది. పిల్లలు గులాబీ రంగులో, తడిగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ పొదుగు చేరాయి. పాలు దండిగా ఉన్నాయి. అంతా బాగుందని లేవబోతున్నాడు, అప్పుడు తల్లి పక్కకి ఒరిగింది. ఒక పిల్ల దాని కిందపడి కీచుమంది.

అలాంటి కేక వింటే ఏ తల్లిపందైనా నిప్పు మీద కూర్చున్నట్టు ఎగిరి లేస్తుంది. ఇది లేవలేదు. నోట్లో ఉన్న గడ్డి నములుతూ, ఎటో చూస్తూ అలాగే పడుకుంది. కింద కేక సన్నగిల్లుతోంది. ప్రభుదాసు ఒక్క అంగలో వెళ్లి దాని భుజం నెట్టి చేయి దూర్చి లాగాడు. పిల్ల అప్పటికే మెత్తగా వేలాడిపోయింది.

సాయంత్రానికి సగం పిల్లలు అలాగే పోయాయి. పందిలో కోపం లేదు, కసి లేదు. పిల్లల్ని కరవలేదు, తరమలేదు. దానికి వాటి ఏడుపు ఏడుపుగా తోచలేదు, అంతే.

వరసగా ఈనినవన్నీ అదే పని చేశాయి. ప్రభుదాసు ఫోనులో పందిపిల్ల కేక రికార్డు చేసి, పొడి తినని పాత పందుల దగ్గర వినిపించాడు. పాకంతా లేచి నిలబడింది. ఒకటి గేటుని మూతితో పొడిచి పొడిచి వంచేసింది. అదే కేక ఈ కొత్తవాటి దగ్గర వినిపిస్తే చెవి కూడా తిప్పలేదు. చెవుల్లో లోపమేమో అని దాణా బకెట్ చప్పుడు చేశాడు. అన్నీ పరిగెత్తుకొచ్చాయి.

అతను పాక అరుగు మీద కూర్చుండిపోయాడు. ఎడబాటు ఎలా ఉంటుందో ఈ పందులకి ఒక్కనాడూ తెలియదు. తల్లి లేకుండా పోవడం, అరిచినా రాకపోవడం, చివరికి ఆ లేనితనానికి అలవాటుపడటం, ఇవేమీ వాటి ఒంటి మీదుగా పోలేదు. ఆ వారమంతా ఒట్టి బరువు నష్టమనుకుని తనే దాన్ని తీసేశాడు. తనలో ఎన్నడూ లేని బాధ ఎదుటి ప్రాణిలో ఉందని వాటికి ఎలా తెలుస్తుంది?

పిల్లాడి మీదుగా బంతి కోసం దాటిన చిన్న పాదాలు కళ్ల ముందుకొచ్చాయి.

సత్యవాణి అంతా విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ పదవీ విరమణకి దగ్గరలో ఉంది. తల్లిపొడి తన చివరి పని అని నలుగురిలో చెప్పుకుంది కూడా.

"మాంసానికి పెంచే పందికి తల్లిగుణం దేనికి ప్రభుదాస్? ఈనేవాటికి పెట్టొద్దందాం. కోతకి పోయేవాటికి పెడదాం. అంతేగా?"

అందులో తప్పేమీ కనపడలేదు అతనికి. అయినా అన్నాడు, "బయటికి ఇచ్చాక ఎవరు దేనికి పెడతారో మన చేతుల్లో ఉండదు మేడమ్. ఏడుపు మాన్పే పొడి అని తెలిస్తే మనుషుల పిల్లలకి కూడా పెడతారు."

"పందుల దాణా పిల్లలకి ఎవరు పెడతారయ్యా!"

"నేను పెట్టాను."

కిటికీ బయట ఎవరో దాణా బస్తాలు దింపుతున్నారు.

"కెజియాకా?" అంది చివరికి.

"వానాకాలం నుంచి."

"తింటోందా?"

"బాగా తింటోంది మేడమ్. ఏమీ అడగదు."

సత్యవాణి కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, అది సరిగా లేనట్టు రెండు మూడు సార్లు సర్దుకుంది. "ముందు పాప సంగతి చూడు" అంది. "పైవాళ్లతో నేను మాట్లాడతాను. వచ్చే ఏడు పంచడం ఉండదు." మాట నిలబెట్టుకుంది. పైవాళ్లు పిలిచి అందరి ముందూ నానా మాటలన్నారని ప్రభుదాసుకి తర్వాత వేరేవాళ్ల వల్ల తెలిసింది. ఆవిడ మాత్రం ఆ ప్రస్తావన తేలేదు.

పొడి తిన్న అంకమ్మ పందులు కూడా ఈనాయని తెలిసినా, ఆమె దగ్గరికి వెళ్లడానికి అతనికి రెండు రోజులు కాళ్లు రాలేదు. వెళ్లేసరికి పాకలో ఆమె నేల మీద కూర్చుని, ఒడిలో ఒక పిల్లని పెట్టుకుని పాలసీసా పడుతోంది. చుట్టూ మరికొన్ని ఆమె చీర కుచ్చిళ్లు లాగుతూ అరుస్తున్నాయి. అవతల తల్లులు హాయిగా నిద్రపోతున్నాయి.

"సూడు సారూ" అంది తలెత్తకుండా. "బతికినయ్యి ఇయ్యే. మిగతాయి గుంటలో ఏసొచ్చినా. మా నల్లపందులు యాడ తిరిగినా, ఏం తిన్నా, పిల్ల మీద కాలేసిన పాపాన పోలా."

"నాకూ ఇప్పుడే తెలిసిందమ్మా."

"తెలీకపోతే మా యిళ్ల మీదనా సూసుకునేది?"

అతను తల వంచుకుని నిలబడ్డాడు. కేంద్రంలోని పాత తల్లిపందుల్లో మంచివి ఆమెకి ఇప్పించే ఏర్పాటు చేశానని చెప్పాడు. ఆమె మంచిదనీ అనలేదు, వద్దనీ అనలేదు. "ఆ సీసా అందుకో" అంది. అతను ఆమె పక్కన కూర్చుని, ఇంకో పిల్లని ఒళ్లోకి తీసుకుని పొద్దు వాలేదాకా పాలు పట్టాడు.

తిరిగి వెళ్లి ప్రయోగం మొదలుపెట్టాడు. ఇంకా పొడి తింటున్న చిన్న పిల్లల్ని తీసుకుని, పొడి ఆపేసి, పేగులోని ఆ సూక్ష్మజీవిని చంపే మందు ఇచ్చాడు. కొన్నాళ్లు ఏమీ లేదు. తర్వాత ఒక ఉదయం షెడ్డులోంచి కేకలు వినపడ్డాయి. తల్లి నుంచి విడిపోయి ఎంతో కాలమైన పిల్లలు, అప్పుడే విడదీసినట్టు గోడలకేసి గుద్దుకుంటూ అరుస్తున్నాయి. తొట్టి ముట్టలేదు. పారుడు పట్టింది. ఒకటి రెండు చచ్చిపోయాయి కూడా. తేరుకున్నవాటి ముందు ఫోనులోని కేక వినిపిస్తే అన్నీ తలెత్తి, ఆ చప్పుడు వైపు అడుగులు వేశాయి.

చాలాకాలం పొడి తిన్నవాటిలో మాత్రం ఎన్ని మందులిచ్చినా ఏమీ కదల్లేదు. ఆలస్యమైతే ఆ బాధ లోపలికి వచ్చే తలుపు మూసుకుపోతుంది. పందిలో ఎప్పుడు మూసుకుపోతుందో తెలిసింది. మనిషి బిడ్డలో ఎప్పుడో చెప్పేవాళ్లు లోకంలో లేరు.

ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లి మార్తమ్మకి మొత్తం చెప్పాడు. ఆవిడ చింతపండు పిక్కలు తీస్తోంది. వింటూ వింటూ చేయి ఆపేసింది.

"అయితే నా ప్రార్థన కాదన్నమాట" అంది.

అతను ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"పందులకి పెట్టేది నా మనవరాలికి పెట్టావు."

"బతకదేమోనని పెట్టాను అత్తయ్యా."

"బతికిందిగా! మరిప్పుడు తీసేస్తానంటావేంది? మళ్లీ ఆ గొట్టాలు, ఆ కట్లు... నవ్వే పిల్లని ఏడిపిస్తానంటావా? నా కూతురు పోయింది. దీన్ని కూడా పంపిద్దామనా?"

"అది నవ్వుతోందనుకుంటున్నారా మీరు?"

మార్తమ్మ గదిలోకి చూసింది. కెజియా గచ్చు మీద కూర్చుని బస్సుని ముందుకీ వెనక్కీ నడుపుతోంది. వాళ్ల గొంతులు పెరిగినా తల తిప్పలేదు. ఆవిడ పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. ఎవరితోనో అన్నట్టు అంది.

"సలోమి అని ఒక మనిషి ఉండేదని ఈ ఇంట్లో మనిద్దరికే తెలుసు బాబూ. నేను పోతే నీ ఒక్కడికే." చింతపండు పక్కకి జరిపి, "ఆపెయ్యి" అంది. "ఏడిస్తే నేనెత్తుకుంటా."

పిల్లల డాక్టరు దగ్గర కూడా ఏమీ దాచలేదు. ఆయన వింటున్నంతసేపూ ప్రభుదాసుని తినేసేలా చూశాడు. కోపమంతా మింగి, పిల్లకి సరిపోయే మోతాదులో మందు రాసి, రోజూ తీసుకొచ్చి చూపించమన్నాడు.

మందు అయిపోయింది. కెజియాకి తిండి మీద ధ్యాస తగ్గింది. ఒళ్లు వెచ్చబడింది. చిరాకుగా బస్సుని గోడకేసి కొట్టేది. అంతకు మించి ఏమీ లేదు. ప్రభుదాసు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. పిల్ల కదిలినప్పుడల్లా తను కదిలాడు. మూసుకుపోయిందేమో, నేనే మూసేశానేమో అనుకుంటూ ఏ పనీ చేయలేక, కూర్చోనూ లేక, గదుల్లో తిరిగాడు.

ఒక మధ్యాహ్నం అతను వసారాలో కునుకు తీస్తున్నాడు. లోపల్నుంచి ఏదో చప్పుడు. వెళ్లి చూస్తే కెజియా బాత్రూం తలుపు ముందు నిలబడి అరచేత్తో కొడుతోంది.

"అమ్మా, రా" అంటోంది. "అమ్మా, అయిపోయిందా? రా."

ప్రభుదాసు ముందుకెళ్లి తలుపు తీశాడు. లోపల బకెట్టు ఉంది, మగ్గు ఉంది, తడి నేల ఉంది. పిల్ల లోపలికి తొంగి చూసింది. తలుపు వెనక చూసింది. తండ్రి ముఖంలోకి చూసింది.

"అమ్మేదీ?"

కడుపులోంచి పుట్టుకొచ్చింది ఏడుపు. ఊపిరి అందక పెదవులు నీలంగా మారాయి. మార్తమ్మ పరుగున వచ్చి ఎత్తుకుంది. పిల్ల ఆవిడ భుజం కొరికింది, జుట్టు లాగింది, విల్లులా వంగిపోయి జారిపోయింది. ఆవిడ మళ్లీ ఎత్తుకుంది. "ఏడు తల్లీ, ఏడు" అంటూ ఇల్లంతా తిరిగింది. ఆవిడ గొంతులో ఏముందో, సంతోషమో దుఃఖమో, ప్రభుదాసుకి తెలియలేదు.

ఆ తర్వాత ఎన్ని రోజులు అలా గడిచాయో ఎవరూ లెక్కపెట్టుకోలేదు. మంచం కింద చూసేది. వీధిలో బస్సు ఆగితే గేటు దాకా పరిగెత్తేది. ప్రతిసారీ వచ్చి అడిగేది, అమ్మేదీ అని. మార్తమ్మ ఆ జవాబు చెప్పలేక వంటింట్లోకి తప్పుకునేది. ప్రభుదాసు గొంతుక్కూర్చుని, పిల్ల రెండు చేతులూ పట్టుకుని చెప్పేవాడు.

"అమ్మ చనిపోయింది తల్లీ. ఇక రాదు."

"రేపొత్తాదా?"

"రేపు కూడా రాదు."

విని, ఏడ్చి, సొమ్మసిల్లి నిద్రపోయి, లేచి మళ్లీ అడిగేది. అతను మళ్లీ చెప్పేవాడు. ఒకే మాట అన్నిసార్లు చెప్తే అలవాటైపోతుందనుకున్నాడు. కాలేదు. పిల్ల మళ్లీ చిక్కిపోయింది. అయితే ఈసారి నోరు పూర్తిగా కట్టుకోలేదు. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య అమ్మమ్మ చేతి ముద్దలు ఒకటో రెండో తినేది. గొట్టం అవసరం రాలేదు. డాక్టరు తూకం వేసి "నిలబడింది" అన్నాడు. ప్రభుదాసు వైపు అప్పుడు కూడా చూడలేదు.

అడగడం మెల్లగా తగ్గింది. ఒకరోజు పొద్దున పిల్ల అసలు అడగనే లేదు. గుమ్మంలో కూర్చుని తనకి తానే "అమ్మ రాదు" అని చెప్పుకుని, చెప్పుల్లో ఇసుక పోసుకుంటూ ఆడుకుంది.

ఆ మాట విన్న ప్రభుదాసు చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టి గోడ పక్కన కూర్చున్నాడు. సలోమి పోయిన నాడు ఏడ్చాడు గానీ ఆసుపత్రి, పందులు, పొడి, వీటి మధ్య ఆ దుఃఖానికి మళ్లీ తీరిక దొరకలేదు. ఇప్పుడు ఒంట్లో బలం లేని మనిషి ఏడ్చినట్టు, చప్పుడు ఆపుకునే ఓపిక కూడా లేక, గోడకి చేరగిలబడి ఏడ్చాడు.

కెజియా ఆట ఆపింది. తండ్రి వంక కళ్లార్పకుండా చూసింది. ఇసుక అంటిన చేతులతోనే లేచి వచ్చి అతని మోకాలు పట్టుకుంది. ఆ చిన్న గడ్డం వణికింది. పెదవులు కిందికి వంగాయి. నాన్న ఏడుస్తున్నాడని, వేరే ఏ కారణమూ లేకుండా, అదీ గొల్లున ఏడుపందుకుంది.

వంటింట్లోంచి మార్తమ్మ గరిటె పట్టుకుని వచ్చి, ఇద్దర్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇద్దరూ ఒకేసారి ఏడిస్తే" అంది, "నేనెవర్ని ఎత్తుకోను?"